ఉప్పు లేని ఊరగాయ: నేపాల్ గుండ్రుక్ కథ

ఊరగాయ అనగానే ముందుగా ఉప్పు గుర్తుకు వస్తుంది. మన ఆవకాయకైనా, కొరియావారి కిమ్చీకైనా, జర్మన్ల సావర్‌క్రౌట్‌కైనా ఉప్పే కాపలా. నేపాల్ కొండపల్లెలలో తరతరాలుగా తయారుచేసుకుంటున్న గుండ్రుక్ మాత్రం చిటికెడు ఉప్పయినా లేకుండా పులుస్తుంది. రక్తపోటు రోగులకు ఊరగాయ మానమని ఉద్యోగకాలమంతా చెబుతూ వచ్చిన నావంటి వైద్యునికి ఇది ఆసక్తి కలిగించే విషయం.

చలికాలంలో ఆవ, ముల్లంగి, కాలీఫ్లవర్ ఆకులు తినగలిగినదానికంటే ఎక్కువగా చేతికి వస్తాయి. వాటిని ఎండలో వాడనిచ్చి, నలగగొట్టి, మట్టికుండలో గాలి మిగలకుండా గట్టిగా కూరి, మూతి బిగించి వెచ్చనిచోట ఉంచుతారు. ఆకులపై సహజంగా ఉండే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా వాటిలోని చక్కెరలను ఆమ్లంగా మారుస్తుంది. మామూలు ఊరగాయలో కుళ్లును అడ్డుకునేది ఉప్పు. ఇక్కడ ఆ పనిని గాలి లేకపోవడం, త్వరగా పెరిగే పులుపు కలిసి నిర్వహిస్తాయి. పుల్లని వాసన వచ్చాక తీసి ఎండబెడితే నెలల తరబడి నిలుస్తుంది. ముల్లంగి దుంపను నేలలో గొయ్యి తీసి పులియబెడితే అది సిన్కీ.

ఈ పద్ధతి అక్కడే ఎందుకు వేళ్లూనుకున్నది? నేపాల్‌కు సముద్రం లేదు. ఉత్తరపు కొండలకు ఉప్పు టిబెట్ సరస్సుల నుండి జడలబర్రెల మీద, గొర్రెల వీపుల మీద కనుమలు దాటి వచ్చేది. దానికి బదులుగా ధాన్యం కొలిచి ఇచ్చేవారు. కాళీగండకి లోయలోని థకాలీలు ఈ వ్యాపారంతోనే సంపన్నులయ్యారు. ఆ బేరసారాలను 1975లో వెలువడిన ‘హిమాలయన్ ట్రేడర్స్’ అనే గ్రంథంలో వివరించిన హైమన్‌డార్ఫ్ మనకు కొత్తవాడు కాడు. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన పండితుడే ఆయన. తిండిగింజలు ఇచ్చి తెచ్చుకున్న ఉప్పును కుండెడు ఆకుల మీద ఎవరు కుమ్మరిస్తారు? గుండ్రుక్ పుట్టుకకు రుచికంటే లేమియే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

అయితే ఉప్పు కొరతను మించిన కొరత ఒకటి ఆ కొండలను పీడించింది. వానలకు, మంచునీటికి కొట్టుకుపోయిన మట్టిలో అయోడిన్ లేదు. శుద్ధిచేయని ఉప్పులోనూ అది చాలినంత ఉండదు. గలగండం ఊరూరా కనిపించేది. పుట్టుకతోనే చెవుడు, బుద్ధిమాంద్యం గల పిల్లలూ ఉండేవారు. ఆవ, ముల్లంగి జాతి ఆకులలో థైరాయిడ్ పనిని కొంత అడ్డుకునే పదార్థాలు ఉన్నమాట నిజమే; అయోడిన్ అందుతున్నవారికి వాటివల్ల సాధారణంగా హాని లేదు. కనుక నింద మోయవలసింది మట్టి గాని ఆకు కాదు. 1973లో నేపాల్ ప్రభుత్వం అయోడిన్ కలిపిన ఉప్పు పంపిణీ ఆరంభించాకే పరిస్థితి మారసాగింది.

ఇక వంట. ఎండు గుండ్రుక్‌ను కాసేపు నానబెట్టి పిండుతారు. ఆవనూనెలో ఎండుమిర్చి, ఉల్లి, టమాటా, వేయించిన సోయాగింజలు వేగాక, పసుపు, నీళ్లు చేర్చి మరగనిస్తారు. తోడుగా మన సంకటిని పోలిన ఢిండో ఉంటుంది. కుండలో లేని ఉప్పు ఈ పులుసులో చేరుతుంది కాబట్టి రక్తపోటు ఉన్నవారు అక్కడే చెయ్యి బిగబట్టాలి. ఎండబెట్టేటప్పుడు కెరోటిన్ చాలావరకు నశిస్తుంది. అందుచేత ఇది తాజా ఆకుకూరకు ప్రత్యామ్నాయం కాదు. కొండవాసులూ దీనిని పచ్చని ఆకు దొరకని నెలలకే దాచుకునేవారు.