ఫ్లోరోసిస్‌పై ఆరోగ్య బోధన: నల్లగొండ ప్రాథమిక పాఠశాలలు

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి; ఇదే ఫ్లోరోసిస్. శాశ్వత దంతాల్లో చాలావరకు ఎనిమిదేళ్లలోపే చిగుళ్ల లోపల రూపుకడతాయి కనుక, ఫ్లోరైడ్ సమస్య ఉన్న నల్లగొండలో ఈ పాఠం ప్రాథమిక తరగతుల్లోనే చెప్పాలి. పరిసరాల విజ్ఞానంలో నీటి పాఠం వచ్చినప్పుడు బోరునీటికీ మిషన్ భగీరథ తాగునీటి పథకం నల్లానీటికీ తేడా వివరించవచ్చు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, పైగా నీటిలో దాని గాఢత పెరుగుతుంది. మోకాళ్లు వంచకుండా నేలమీది రూపాయి బిళ్ల తీయడం, గడ్డం ఛాతీకి ఆనించడం ఎముకల ఫ్లోరోసిస్‌ను గుర్తించేందుకు తరగతిలో చేయించదగ్గ పరీక్షలు. వీటిని చేయలేక ఇబ్బందిపడే పిల్లలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. గారపళ్లని తోటివారిని ఏడిపించడం మాన్పించడమూ ఇందులో భాగమే, నిజానికి అదే ముఖ్యం: ఫ్లోరోసిస్ వల్ల పళ్లపై పడే మచ్చలు పళ్లు తోమకపోవడంవల్ల వచ్చినవి కావు. ఆహారం గురించీ చెప్పవచ్చు: చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రకటించారు.