కాలిన్స్ చివరి ఆగస్టు

1919 ఫిబ్రవరి 3 రాత్రి ఇంగ్లండ్‌లోని లింకన్ జైలు బయట ఇద్దరు ఐరిష్ యువకులు చీకట్లో నక్కి ఉన్నారు. ఒకడు మైకేల్ కాలిన్స్, ఇంకొకడు హ్యారీ బోలండ్. లోపలున్న తమ నాయకుడు ఎమన్ డి వలేరాను తప్పించడానికి వచ్చారు. కాలిన్స్ మారు తాళంచెవి పెట్టి తిప్పేసరికి అది తాళంలోనే విరిగింది. గేటుకు అవతల నిలబడ్డ డి వలేరా తన దగ్గరున్న చెవితో ఆ ముక్కను బయటికి నెట్టి తలుపు తీశాడు. ఈ ముగ్గురిలో ఇద్దరు నాలుగేళ్లు తిరక్కుండానే మట్టిలో కలిశారు. ఇద్దరినీ బలిగొన్నవి ఐరిష్ తుపాకులే.

మన వి.వి. గిరి డబ్లిన్‌లో లా చదువుతున్న రోజుల్లోనే, 1916లో, ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. కాలిన్స్, బోలండ్ ఆ తిరుగుబాటులో పోరాడినవాళ్లే. తర్వాత ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ బ్రిటిష్ సామ్రాజ్యాన్ని చర్చల దాకా లాక్కొచ్చింది. 1921 డిసెంబరు 6న లండన్‌లో కాలిన్స్ సంతకం పెట్టిన ఒప్పందం పూర్తి స్వాతంత్ర్యం ఇవ్వలేదు. రాజు పేరుతో ప్రమాణం మిగిలింది, ఉత్తరాన ఆరు కౌంటీలు విడిపోయాయి. జనవరిలో ఐరిష్ పార్లమెంటు 64–57 ఓట్లతో దాన్ని ఆమోదించింది. సైన్యం రెండుగా చీలింది.

చీలినా రాకపోకలు ఆగలేదు, నన్ను కలచివేసేది ఇదే. సభలో ఒప్పందానికి ఎదురు నిలిచిన బోలండే కాలిన్స్‌కూ డి వలేరాకూ మధ్య తిరిగి తిరిగి, మే 20న వాళ్లిద్దరి మధ్య ఎన్నికల ఒడంబడిక కుదరడానికి తోడ్పడ్డాడు. ఇంకోపక్క ఒప్పందాన్ని కాదన్న దళాలు ఏప్రిల్ నుంచీ డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనంలో తిష్ఠ వేసి ఉన్నాయి. జూన్ 28న కాలిన్స్ నడిపే ప్రభుత్వపు సైన్యం బ్రిటిష్ వాళ్లిచ్చిన ఫిరంగులతో ఆ భవనం మీద గుళ్లు కురిపించింది. లోపలున్నది కాలిన్స్‌తో భుజం కలిపి పోరాడినవాళ్లు. ఫిరంగి మోగాక కూడా పాత స్నేహం తన మాట వింటుందని అతను నమ్మాడు. అతని పతనం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. అయినా ఆ నమ్మకాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

జూలై చివర్లో కాలిన్స్ బోలండ్‌కు ఉత్తరం రాశాడు. మనిద్దరి మధ్య వ్యవహారం ఇంతదాకా వచ్చిందా అన్న బాధా, ఇప్పటికైనా మనసు మార్చుకోమన్న వేడుకోలూ అందులో ఉన్నాయి. జూలై 31న స్కెరీస్ పట్టణంలోని ఒక హోటల్‌లో బోలండ్‌ను పట్టుకోబోయిన ప్రభుత్వ సైనికులు అతన్ని కాల్చారు. అతను డబ్లిన్‌లోని సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. కాలిన్స్ ఒక రాత్రి ఆ దారిన పోతూ ఆసుపత్రి ముందు గుమిగూడిన కొద్దిమందిని చూశాడు. తను పెళ్లాడబోయే కిట్టీ కీర్నన్‌కు ఆ సంగతి ఉత్తరంలో రాశాడు. ఒకప్పుడు బోలండ్ కూడా ఆమెను మనసారా కోరుకున్నవాడే. పూలదండ పంపాలని ఉందని, పంపినా వాళ్లు చింపి తిప్పి పంపుతారేమోనని కాలిన్స్ ఆమె ముందు వాపోయాడు. ఒక సేనాధిపతి తన స్నేహితుడి శవం మీద పూలు పెట్టడానికి జంకాల్సి వచ్చింది.

ఆగస్టు 12న సహచర నాయకుడు ఆర్థర్ గ్రిఫిత్ కూడా పోయాడు. ఆ నెలలోనే కాలిన్స్ తన సొంత గడ్డ పశ్చిమ కార్క్‌కు బయలుదేరాడు. మా కౌంటీ వాళ్లు నన్ను చంపరు అన్నాడని చెబుతారు. 22వ తేదీన పుట్టిన ఊరు సామ్స్ క్రాస్‌లో అన్నను, అయినవాళ్లను చూశాడు. తిరుగు ప్రయాణంలో, పొద్దుగుంకే వేళ, బేల్ నా బ్లా లోయ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక బండి కనిపించింది. అక్కడ మాటు వేసిన దళం నాయకుడు టామ్ హేల్స్. 1920లో బ్రిటిష్ వాళ్లు పట్టకారుతో హింసించినా సహచరుల గుట్టు విప్పని కాలిన్స్ పాత మిత్రుడు అతను. కాలిన్స్ ఇక ఆ దారిన రాడనుకుని అప్పటికే దళంలో చాలామంది వెళ్లిపోయారు. మిగిలిన కొద్దిమంది అడ్డంకులు తొలగిస్తుండగా వాహనాలు వచ్చాయి. ఆపకుండా పోనివ్వమన్నాడు పక్కనున్న ఎమెట్ డాల్టన్. ఆపమన్నాడు కాలిన్స్. దిగి తుపాకీ పట్టి పోరాడాడు. తలకు తూటా తగిలింది. అతని వైపు చనిపోయింది అతనొక్కడే. వయసు 31.

కబురు కిల్‌మేనమ్ జైలుకు చేరినప్పుడు, అతని ప్రభుత్వమే బంధించిన ఖైదీలు గుంపులుగా మోకరిల్లి అతని ఆత్మశాంతికి జపమాల తిప్పారు. ఆ ఖైదీల్లో ఒకడైన టామ్ బారీయే ఈ సంగతి తర్వాత చెప్పాడు.

ఆ ప్రార్థన యుద్ధాన్ని ఆపలేదు. డిసెంబరు 7న టామ్ హేల్స్ అన్న, ప్రభుత్వ పక్షపు పార్లమెంటు సభ్యుడు షాన్ హేల్స్‌ను డబ్లిన్ వీధిలో కాల్చేశారు. మర్నాడు ఉదయమే, దానికి ప్రతీకారంగా, ఫోర్ కోర్ట్స్‌లో పట్టుబడ్డ నలుగురిని మౌంట్‌జాయ్ జైల్లో నిలబెట్టి కాల్చారు. వాళ్లలో రోరీ ఓకానర్, 1921 అక్టోబరులో కెవిన్ ఓహిగిన్స్ పెళ్లికి తోడుపెళ్లికొడుకు. ఆ మరణశిక్షలకు ఒప్పుకున్న మంత్రుల్లో ఓహిగిన్స్ ఒకడు. ఆ నలుగురిలో ఇంకొకడు డిక్ బారెట్, పశ్చిమ కార్క్‌లో షాన్‌కు పాత సహచరుడు. షాన్ పేరు చెప్పి షాన్ స్నేహితుడినే చంపారు. కాలిన్స్‌నూ షాన్‌నూ బలిగొన్నవి టామ్ పక్షం తుపాకులే. ఆ తర్వాత టామ్ హేల్స్ 1933లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు, 1966 దాకా బతికాడు.