చూచినవారి తీర్పు, విన్నవారి తీర్పు

జర్మను సంగీతనాటకకర్త రిచర్డ్ వాగ్నర్ సృష్టించిన వీరపాత్రలు పాడుటకు సామాన్యమైన కంఠం చాలదు. హెచ్చుస్థాయిలో పాడే పురుషకంఠాన్ని టెనర్ అంటారు. అందులో ఈ వీరపాత్రలకు నిలువగల దానికి జర్మనులు హెల్డెన్‌టెనర్ అని పేరు పెట్టినారు. ఎదుట నిండు వాద్యబృందం మ్రోగుచుండగా, మైక్రోఫోను సాయం లేకుండా, నాలుగైదు గంటల నాటకం ముగియువరకు ఆ గొంతు నిలువవలెను. ట్రిస్టన్ వంటి పాత్రను 200 సార్లకు పైగా పాడిన డెన్మార్కు గాయకుడు లౌరిట్స్ మెల్కియోర్‌ను విమర్శకులు ఎట్లు అంచనా వేసినారో ఇక్కడ ముచ్చటింపదలచినాము.

1890లో కోపెన్‌హేగన్‌లో జన్మించిన ఆయన 1913లో, టెనర్ కంటె తగ్గుస్థాయి గల బారిటోన్ గాయకునిగా రంగమెక్కి, 1918లో టెనర్‌గా మారినారు. 1920లో ఇంగ్లండులోని చెమ్స్‌ఫర్డ్ నుండి మార్కోనీ సంస్థ జరిపిన ప్రయోగ ప్రసారాలలో పాడినవారిలో ఆయన ఒకరు. రేడియో ఇంకను ఇండ్లలోనికి రాని రోజులవి. ఆ వృత్తిలోనే ఉన్న మాకు ఈ విషయం ప్రత్యేకించి ప్రీతికరం.

1926 ఫిబ్రవరి 17న న్యూయార్కు మెట్రొపాలిటన్ రంగశాలలో, మధ్యాహ్నపు ఆటలో, ఆయన టన్‌హాయిజర్‌గా తొలిసారి కనిపించినారు. ఆ సాయంత్రమే ఆ వేదికపై 19 ఏండ్ల అమెరికను యువతి మేరియన్ టాలీ ప్రవేశం. పత్రికల సందడి అంతయు ఆమె చుట్టూ సాగి, మెల్కియోర్ రాక మరుగుపడినది. 1935లో నార్వే గాయని కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ ఆయనకు జోడుగా వచ్చిన పిమ్మట గాని ఆ రంగశాలలో వాగ్నర్‌కు అపూర్వమైన ఆదరణ కలుగలేదు.

విమర్శకులు ఆయన కంఠాన్ని ఎన్నడూ కాదనలేదు. తాళాన్ని మీరి పరుగెత్తుతారనీ, రిహార్సళ్ళంటే శ్రద్ధ తక్కువనీ, ఆ భారీ విగ్రహంలో నటన కరవనీ వారి ఆక్షేపణ. ఇవి నిరాధారాలు కావు. పద్యం బాగా పాడే నటుని ఆకారలోపాన్ని క్షమించే మన నాటకశాలలు ఆయనను మరికొంత దయగా చూచియుండేవేమో!

అయితే 1931లో మెట్రొపాలిటన్ ప్రదర్శనలు రేడియోలో ప్రసారం కాసాగినవి. ‘వాల్క్యూర’ మొదటి అంకంలో నిరాయుధుడైన జీగ్‌మండ్ తండ్రిని రెండుమార్లు పేరెత్తి పిలుస్తాడు. ఆ స్వరాలను మెల్కియోర్ స్వరలిపిలోని ప్రమాణాన్ని మించి సాగదీసేవారు. లయ తప్పినదని పండితుడు కనుబొమలు ముడివేసే చోటనే శ్రోతకు ఒళ్ళు జలదరిస్తుంది. ఈ విషయంలో మేము శ్రోత పక్షం. క్రమశిక్షణ గల మెల్కియోర్‌ను వినగోరినవారు బ్రూనో వాల్టర్ నిర్వహణలో, లొట్టె లేమన్‌తో కలిసి 1935లో వియన్నాలో ఆయన ఇచ్చిన ఆ అంకపు రికార్డును వినవలెను.

1940లలో ఆయన హాలీవుడ్ చిత్రాలలోనూ, రేడియో హాస్య కార్యక్రమాలలోనూ పాల్గొన్నారు. కొత్త నిర్వాహకుడు రుడాల్ఫ్ బింగ్ ఒప్పందాన్ని పొడిగించలేదు. 1950 ఫిబ్రవరి 2న పాడిన లోహెన్‌గ్రిన్‌తో అక్కడ ఆయన పని ముగిసినది. పిమ్మట బైరాయిట్‌లో వోల్ఫ్‌గాంగ్ విండ్‌గాసెన్ తేలికైన కంఠంతో, మెరుగైన నటనతో అవే పాత్రలు పోషించి మెప్పు పొందినారు. అయినను ప్రతి కొత్త వీరగాయకుణ్ణి మెల్కియోర్ రికార్డుల సరసన నిలిపి కొలుచుట విమర్శకులకు అలవాటైనది.

1973లో ఆయన గతించినారు. అంతకు పదమూడేండ్ల ముందు, 1960లో, డెబ్బదియవ జన్మదినం సందర్భాన డెన్మార్కు రేడియో వాద్యబృందంతో జీగ్‌మండ్ పాత్రను మరల పాడినారు. ఆ ధ్వనిముద్రణ నేటికీ ఉన్నది. తండ్రిని పిలిచే ఆ రెండు పిలుపులూ అందులో ఉన్నవి.