రుద్రం-1: రాడార్ మౌనానికి హైదరాబాదు సమాధానం

శత్రు రాడార్ వెలువరించే తరంగాలనే దారిగా చేసుకొని దానిపైకి దూసుకుపోయే ఆయుధం రేడియేషన్ నిరోధక క్షిపణి. వియత్నాం యుద్ధంలో 1965 నుండి అమెరికా ప్రయోగించిన ‘ష్రైక్’ ఈ కోవలో తొలితరానిది. రాడార్‌ను ఆపివేస్తే చాలు, అది గురి తప్పేది. తరువాతి రూపకల్పనలలో అధికభాగం ఈ మౌనానికి విరుగుడు వెదికినవే.

1983లో ఆరంభమైన సమగ్ర నిర్దేశిత క్షిపణి అభివృద్ధి కార్యక్రమంలోని పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్‌లలో ఇటువంటిది లేదు. ఈ విషయంలో భారత వాయుసేన రష్యా క్షిపణులపై ఆధారపడింది. ఆ లోటును పూరించే బాధ్యతను హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలు స్వీకరించాయి. 2020 అక్టోబరు 9న ఒడిశా తీరంలో సుఖోయ్-30 ఎం.కె.ఐ. విమానం నుండి రుద్రం-1 పరీక్ష విజయవంతమైంది.

ఇందులోని నిష్క్రియ అన్వేషకం తానుగా తరంగాలను పంపదు, కేవలం వింటుంది. విస్తృతమైన పౌనఃపున్య శ్రేణిలో వినవచ్చే సంకేతాలను పసిగట్టి, వర్గీకరించి, లక్ష్యాన్ని నిర్ణయిస్తుంది. క్షిపణికి వేగాన్ని సమకూర్చడం కన్న ఈ వినికిడిని సమకూర్చడమే కష్టతరమనాలి. దీనికి జడత్వ, ఉపగ్రహ మార్గనిర్దేశాలు తోడైనందున, రాడార్ మూగబోయినా అది ఉండిన చోటు క్షిపణి స్మృతిలో నిలుస్తుంది. వాహనంపై అమర్చిన రాడార్ ఆలోగా కదలిపోతే మాత్రం ఆ స్మృతి వ్యర్థమే. 2024 మే 29న రుద్రం-2 సైతం సుఖోయ్ నుండే పరీక్షింపబడింది.