కర్మ (ఆంగ్ల వ్యాకరణం)

ఆంగ్ల వ్యాకరణంలో కర్మ అనగా సకర్మక క్రియ యొక్క ఫలితాన్ని పొందే వ్యక్తిని లేదా వస్తువును తెలిపే పదం లేదా పదబంధం. ఆంగ్లంలో దీనిని ఆబ్జెక్టు అంటారు. "ది ఫార్మర్ ప్లక్డ్ ది మ్యాంగోస్" (రైతు మామిడికాయలు కోశాడు) అనే వాక్యంలో "ది ఫార్మర్" కర్త, "ప్లక్డ్" క్రియ, "ది మ్యాంగోస్" కర్మ. తెలుగు వాక్యంలో కర్మను సాధారణంగా ద్వితీయా విభక్తి ప్రత్యయం పట్టి ఇస్తుంది. ఆంగ్ల నామవాచకాలకు అటువంటి ప్రత్యయం లేదు. పదం వాక్యంలో ఏ చోట ఉన్నదనే దానిని బట్టి అది కర్తయో కర్మయో తెలుస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఆంగ్ల వాక్య నిర్మాణంలో ఎదురయ్యే చిక్కులలో చాలా భాగం ఈ ఒక్క భేదం నుండి పుట్టినవే.

ఈ వ్యాసంలో ఆంగ్ల వాక్యాలు ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడినవి. ఉదాహరణలు ఎక్కువగా ఏలూరు జిల్లా (2022 వరకు కృష్ణా జిల్లా) నూజివీడు ప్రాంతపు మామిడి తోటలకు సంబంధించినవి. రసాలకూ బంగినపల్లికీ పేరుపొందిన ఈ పట్టణంలోనే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ (ట్రిపుల్ ఐటీ) ప్రాంగణం 2008లో ఏర్పడింది. పదవ తరగతి ముగించి పల్లెల నుండి వచ్చే విద్యార్థులు అక్కడ శాస్త్ర, సాంకేతిక విషయాలను ఆంగ్లంలోనే చదవవలసి ఉంటుంది కనుక ఈ విషయం వారికి వ్యాకరణ పరీక్షతో తీరిపోయేది కాదు.

స్థానమే విభక్తి

"రైతు వ్యాపారిని పిలిచాడు", "వ్యాపారిని రైతు పిలిచాడు", "పిలిచాడు రైతు వ్యాపారిని" అనే మూడు వాక్యాలలో ఊనిక మారుతుందే గాని పిలిచినవాడు ఎవరో మారదు. "ని" అనే ప్రత్యయం వ్యాపారిని అంటిపెట్టుకొని ఎక్కడికి వెళ్ళినా అతడే కర్మ అని చాటుతుంది. ఆంగ్లంలో "ది ఫార్మర్ కాల్డ్ ది ట్రేడర్" అన్న వాక్యంలో రెండు నామవాచకాల స్థానాలు మార్చి "ది ట్రేడర్ కాల్డ్ ది ఫార్మర్" అంటే పిలిచినవాడు వ్యాపారి అవుతాడు. క్రియకు ముందున్నది కర్త, వెనుక ఉన్నది కర్మ అనేది సామాన్య ప్రకటన వాక్యంలో నియమం. ప్రశ్నార్థక పదమే కర్మ అయినప్పుడు మాత్రం అది వాక్యం మొదటికి వస్తుంది: "వాట్ డిడ్ హి సెల్?" (అతడు ఏమి అమ్మాడు?).

తెలుగులోనూ ప్రత్యయం అన్ని వేళలా కనిపించదు. జడవాచకాలకు ద్వితీయకు మారుగా ప్రథమా విభక్తి బహుళంగా వస్తుందని పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణంలోని కారక పరిచ్ఛేదంలో చెప్పాడు. అందుచేతనే "కాయలు కోశాడు" అనడం "కాయలను కోశాడు" అనడం కన్న సహజం. కాయలు తమంతట తాము ఎవరినీ కోయలేవు కనుక ఇక్కడ సందిగ్ధం లేదు. అయితే ప్రత్యయం చేర్చి చెప్పినప్పుడు "మనకు తెలిసిన ఆ కాయలను" అనే ఛాయ తరచుగా వస్తుంది. ఆంగ్లంలో "మ్యాంగోస్" అనడానికి, "ది మ్యాంగోస్" అనడానికి ఉన్న భేదం ఇంచుమించు ఇటువంటిదే. ఆర్టికల్ ఎక్కడ వాడాలో తెలియక తికమకపడే విద్యార్థికి ఈ పోలిక పూర్తిగా కాకున్నా కొంతవరకు ఉపకరిస్తుంది.

ఆంగ్లం మొదటి నుండి ఇట్లా లేదు. ప్రాచీన ఆంగ్లంలో నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. పదాల వరుసకు ఇప్పటి కన్న ఎక్కువ స్వేచ్ఛ ఉండేది. 1066 నాటి నార్మన్ విజయం తరువాతి శతాబ్దాలలో ఆ ప్రత్యయాలు క్రమంగా అరిగిపోయాయి. సర్వనామాలలో మాత్రం కర్తృ, కర్మ రూపాల భేదం నేటికీ మిగిలి ఉన్నది: ఐ – మి, హి – హిమ్, షి – హర్, వి – అస్, దే – దెమ్. వీటిలో "హిమ్" పూర్వం చతుర్థీ విభక్తి రూపం, అంటే "అతనికి" అనే అర్థం కలది; "అతనిని" అనే రూపం వేరుగా ఉండి లోపించగా ఆ పని కూడా దీనికే వచ్చింది. "యు" అనేది కర్మరూపమే. దాని కర్తృరూపమైన "యి" వాడుక తప్పడంతో ఇప్పుడు రెండు చోట్లా "యు" ఒక్కటే నిలిచింది.

రెండు కర్మలు

ఇచ్చుట, అమ్ముట, చూపుట, పంపుట, నేర్పుట, చెల్లించుట వంటి అర్థాలు గల ఆంగ్ల క్రియలు రెండేసి కర్మలను తీసుకోగలవు. ఇచ్చిన వస్తువు ప్రత్యక్ష కర్మ, పుచ్చుకున్న వ్యక్తి పరోక్ష కర్మ. "హి సోల్డ్ ది ట్రేడర్ ది క్రాప్" (అతడు వ్యాపారికి కాపు అమ్మాడు) అనే వాక్యంలో "ది ట్రేడర్" పరోక్ష కర్మ, "ది క్రాప్" ప్రత్యక్ష కర్మ. తెలుగులో "కు", "కి" ప్రత్యయాలతో చెప్పేదానిని ఆంగ్లం ఏ ప్రత్యయమూ లేకుండా, పరోక్ష కర్మను ముందు నిలిపి చెబుతున్నది.

నూజివీడు ప్రాంతంలో పూత దశలోనో పిందె దశలోనో తోట కాపును వ్యాపారికి అమ్మి ముందుగా కొంత సొమ్ము తీసుకునే ఆచారం ఉన్నది. మిగిలిన బాకీని కాగితం మీద ఆంగ్లంలో వ్రాయవలసి వస్తే కర్మ స్థానం ఎంత విలువైనదో తెలుస్తుంది. "వ్యాపారి రైతుకు పదివేల రూపాయలు బాకీ" అన్నా, "రైతుకు వ్యాపారి పదివేల రూపాయలు బాకీ" అన్నా తెలుగులో బాకీపడినవాడు వ్యాపారియే. మొదటి దానికి సరియైన ఆంగ్లం "ది ట్రేడర్ ఓస్ ది ఫార్మర్ టెన్ థౌజండ్ రుపీస్". రెండవ దానిని అదే వరుసలో "ది ఫార్మర్ ఓస్ ది ట్రేడర్ టెన్ థౌజండ్ రుపీస్" అని వ్రాస్తే ఒక్క మాట కూడా కొత్తగా చేరకుండానే అప్పు రైతు నెత్తిన పడుతుంది. చదివేవారికి ఇందులో వ్యాకరణ దోషమేదీ కనిపించదు కనుక తప్పు బయటపడే అవకాశం కూడా తక్కువ.

ఇట్టి చోట్ల "టు" అనే ప్రిపొజిషన్‌ను చేర్చి, "ది ట్రేడర్ ఓస్ టెన్ థౌజండ్ రుపీస్ టు ది ఫార్మర్" అని వ్రాయవచ్చు. "టు" ఇక్కడ తెలుగు "కు" చేసే పనినే చేస్తుంది. రెండు రూపాలూ సాధువులే అయినా ఒప్పందాలలోను, రసీదులలోను తెలుగువారికి ఈ రెండవ రూపం క్షేమకరం. ప్రత్యక్ష కర్మ సర్వనామం అయినప్పుడు ఈ రూపమే వాడుకలో ఎక్కువ: "గివ్ ఇట్ టు మి". కొనుట, వండుట, తెచ్చి పెట్టుట వంటి క్రియలకు "టు" బదులు "ఫర్" వస్తుంది: "షి బాట్ ఎ బాస్కెట్ ఫర్ హర్ మదర్".

అన్ని క్రియలూ రెండు కర్మలకు ఒప్పుకోవు. "ఎక్స్‌ప్లెయిన్ మి ది సమ్" అనేది మన తరగతి గదులలో నిత్యం వినిపించే తప్పు. "ఎక్స్‌ప్లెయిన్ ది సమ్ టు మి" అనవలెను. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, డొనేట్ వంటి లాటిన్ మూలం గల క్రియలు ఎక్కువగా ఇటువంటివి. గివ్, సెల్, టీచ్, సెండ్ వంటి పొట్టి ఇంటిమాటలు రెండు కర్మలను సులువుగా మోస్తాయి. ఇది నిరపవాదమైన సూత్రం కాదు గాని గుర్తుంచుకోదగినది.

కర్మ కానివి

క్రియను "ఏమి?", "ఎవరిని?" అని ప్రశ్నిస్తే వచ్చే జవాబే కర్మ అని పాఠశాలలో చెబుతారు. మొదటి మెట్టుగా ఇది మంచిదే గాని ఒక్కోసారి మోసం చేస్తుంది. "దిస్ ఈజ్ ఎ రసం" అన్నప్పుడు ఏమిటని అడిగితే "ఎ రసం" అని జవాబు వస్తుంది. అయినా అది కర్మ కాదు, కర్తను గూర్చి చెప్పే పూరకం. ఇంకొక చక్కని ఉదాహరణ తూకం. "ది ట్రేడర్ వేడ్ ది బాస్కెట్" (వ్యాపారి బుట్టను తూచాడు) అనే వాక్యంలో బుట్ట కర్మ. "ది బాస్కెట్ వేడ్ ట్వంటీ కిలోస్" (బుట్ట ఇరవై కిలోలు తూగింది) అనే వాక్యంలో ఇరవై కిలోలు కర్మ కాదు. తెలుగులో తూచు, తూగు అని రెండు క్రియలు ఉండటం చేత మనకు భేదం వెంటనే తెలుస్తుంది. ఆంగ్లంలో క్రియ ఒక్కటే.

ఈ భేదాన్ని పట్టుకోవడానికి కర్మణి ప్రయోగం ఉపకరిస్తుంది. "ది బాస్కెట్ వజ్ వేడ్" అనవచ్చు గాని "ట్వంటీ కిలోస్ వర్ వేడ్ బై ది బాస్కెట్" అనరాదు. అయితే హ్యావ్ వంటి కొన్ని సకర్మక క్రియలకు సాధారణంగా కర్మణి ప్రయోగం ఉండదు కనుక ఈ పరీక్ష కూడా సంపూర్ణం కాదు.

ఇక్కడే పరిభాషలో ఒక మెలిక ఉన్నది. పాణిని అష్టాధ్యాయిలో (1.4.49) కర్త తన క్రియచేత దేనిని అత్యంతంగా పొందగోరుతాడో అది కర్మ అని నిర్వచించాడు. ఇది అర్థ సంబంధం. "కాయలు రైతు చేత కోయబడినవి" అన్నప్పుడు కాయలు ప్రథమలో ఉన్నా మన వ్యాకరణం ప్రకారం కర్మయే. ఆంగ్లంలో ఆబ్జెక్టు అనేది వాక్యంలోని స్థాన సంబంధం. "ది మ్యాంగోస్ వర్ ప్లక్డ్ బై ది ఫార్మర్" అన్నప్పుడు మామిడికాయలు ఆబ్జెక్టు కావు, సబ్జెక్టు. కనుక ఆబ్జెక్టును కర్మ అని అనువదించడం రూఢియే గాని రెండూ అన్ని వేళలా ఒకటి కావు. కర్మణి వాక్యంలో సబ్జెక్టును గుర్తించమన్నప్పుడు తెలుగు వ్యాకరణం బాగా వచ్చిన విద్యార్థియే పొరబడటానికి కారణం ఇది.

ఒకే క్రియ, రెండు పనులు

తెలుగులో పండు – పండించు, మాగు – మాగవేయు, విరుగు – విరుచు వంటి జంటలలో అకర్మకానికి ఒక రూపం, సకర్మకానికి మరొక రూపం ఉన్నవి. ఆంగ్లంలో అనేక క్రియలు రెండు పనులనూ ఒకే రూపంతో చేస్తాయి. "ది మ్యాంగోస్ రైపెన్డ్" (కాయలు మాగాయి), "హి రైపెన్డ్ ది మ్యాంగోస్ ఇన్ స్ట్రా" (అతడు కాయలను గడ్డిలో మాగవేశాడు). క్రియ వెనుక కర్మ ఉన్నదా లేదా అనేదే ఇక్కడ అర్థాన్ని నిర్ణయిస్తుంది.

తెలుగు విద్యార్థులకు ఎదురయ్యే చిక్కులు

తెలుగు విభక్తిని ఆంగ్ల ప్రిపొజిషన్‌గా మార్చి క్రియకు తగిలించడం చాలా తరచుగా కనిపిస్తుంది. "ధర గురించి చర్చించారు" అనే వాక్యం మనసులో ఉంటే "డిస్కస్డ్ అబౌట్ ది ప్రైస్" అని వస్తుంది. "డిస్కస్డ్ ది ప్రైస్" అనవలెను. "ఆమెతో పెళ్ళి అయింది" అనే తలపు నుండి "మ్యారీడ్ విత్ హర్" పుడుతుంది. "ఆమెను పెండ్లాడాడు" అనే తెలుగును తలచుకుంటే "మ్యారీడ్ హర్" అని సరిగా వస్తుంది. ఇందుకు విపర్యయం కూడా కలదు. "పాట విన్నాను" అనే వాక్యంలో పాట కర్మ కనుక "లిజన్డ్ ది సాంగ్" అంటారు. ఆంగ్లంలో "లిజన్డ్ టు ది సాంగ్" అనవలెను.

"నాకు రసాలు ఇష్టం", "నాకు రెండు కాయలు కావాలి" వంటి వాక్యాలు మరింత శ్రద్ధతో చూడదగినవి. తెలుగులో ఇష్టపడే వ్యక్తి "కు" ప్రత్యయంతోను, ఇష్టమైన వస్తువు ప్రథమలోను ఉన్నవి. ఆంగ్లంలో "ఐ లైక్", "ఐ వాంట్" అని వ్యక్తి కర్త అవుతాడు, వస్తువు కర్మ అవుతుంది.

తెలుగు సంభాషణలో తెలిసిన కర్మను విడిచిపెట్టడం సహజం. "కాయలు అమ్మావా?" అంటే "అమ్మాను" అని జవాబు. ఆంగ్లంలో "ఐ సోల్డ్" అని ఆపితే వాక్యం అసంపూర్ణం. "ఐ సోల్డ్ దెమ్" అని సర్వనామాన్నైనా నిలపవలెను. తిను, చదువు వంటి అర్థాలు గల కొన్ని క్రియలు మాత్రం కర్మ లేకుండానూ నిలుస్తాయి: "హి ఈజ్ ఈటింగ్", "షి ఈజ్ రీడింగ్". అప్పుడు ఏమి తింటున్నాడు, ఏమి చదువుతున్నది అనేవి వక్తకు ప్రధానం కావు.