ఇస్లాంపై విశ్వాసం: కారణాలు (సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం)

ఇస్లాంను నమ్మదగిన మతంగా స్వీకరించడానికి, పుట్టుకతో వచ్చిన ఇస్లాంలో గట్టిగా నిలబడడానికి మనుషులు చెప్పే కారణాలు దేశకాలాలను బట్టి మారుతూ వచ్చాయి. దేవుడు ఒక్కడే అన్న సిద్ధాంతం, జమాత్‌తో చేసే నమాజు, వలీల (ముస్లిం సాధువుల) మహిమ మీద గురి, పుట్టుకను బట్టి హెచ్చుతగ్గులు లేవన్న మాట వీటిలో ముఖ్యమైనవి. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఇవన్నీ కనిపిస్తాయి. అయితే ఇక్కడి పల్లె జనాన్ని ఇస్లాం దగ్గరికి తెచ్చినవాటిలో దర్గాది పైచేయి. సిద్ధాంత చర్చ తెలుగులోకి వచ్చింది చాలా ఆలస్యంగా.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో ఉండిపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ముస్లింలు 5 శాతం పైచిలుకు. నేటి తెలంగాణ పరిధిలో వారు 12.7 శాతం, హైదరాబాదు జిల్లాలో 43 శాతానికి మించి ఉన్నారు. ఈ తేడా కింద చెప్పబోయే చరిత్రకు కీలకం.

విశ్వాసులు చెప్పే కారణాలు

విశ్వాసుల మాటల్లో మొట్టమొదట వినిపించేది తౌహీద్. అల్లాహ్ ఒక్కడే, ఆయనకు సాటి లేరు, ఆయనకూ మనిషికీ నడుమ పూజారి అక్కర్లేదు. కలిమా అనే విశ్వాస వాక్యాన్ని అర్థం తెలిసి, మనస్ఫూర్తిగా పలికితే చాలు, మనిషి ముస్లిం అయినట్టే. దీక్షాక్రతువు ఏదీ తప్పనిసరి కాదు. ఈ సరళతను ఇస్లాం బలంగా విశ్వాసులు చెబుతారు. ఖురాన్ అవతరించిన అరబీలోనే నేటికీ ఉందనీ, దాన్ని మొత్తంగా కంఠస్థం చేసిన హాఫిజ్‌లు తరతరాలుగా ఉన్నారనీ చూపిస్తారు. ప్రవక్త ముహమ్మద్ జీవితం ఇంటి వ్యవహారాల దాకా నమోదైందన్న వాదనకూ విశ్వాసుల్లో చాలా బలం ఉంది. హదీసుల ప్రామాణికతపై పండితుల్లో ఉన్న చర్చను సామాన్య విశ్వాసి అంతగా పట్టించుకోడు.

మారిన మనసు గురించి స్వయంగా రాసుకున్నవారిలో ఇద్దరికి హైదరాబాదు రాజ్యంతో నేరుగా సంబంధం ఉంది. ఆంగ్ల నవలాకారుడు మార్మడ్యూక్ పిక్తాల్ 1917లో లండన్‌లో బహిరంగంగా ఇస్లాం స్వీకరించాడు. 1925లో నిజాం కొలువులో చేరి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు, 1927లో మొదలైన ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు సంపాదకత్వం వహించాడు. ఆయన ఖురాన్ ఆంగ్లానువాదం 1930లో వెలువడింది. మద్రాసులో చేసిన ఉపన్యాసాల్లో ఆయన ఎక్కువగా పట్టు పట్టింది సౌభ్రాతృత్వం, పరమత సహనం మీద. రెండోవాడు ముహమ్మద్ అసద్. పుట్టుకతో యూదుడు, అసలు పేరు లియోపోల్డ్ వైస్. పిక్తాల్ తరువాత అదే పత్రికను కొంతకాలం నడిపాడు. 1926లో బెర్లిన్ భూగర్భ రైలులో మంచి బట్టలు వేసుకున్న సంపన్నుల ముఖాల్లో లోలోపలి బాధ కనిపించిందనీ, ఇంటికి వచ్చేసరికి తెరిచి ఉన్న ఖురాన్‌లో ధనాశను గురించిన 102వ అధ్యాయం కంటపడిందనీ 1954లో వెలువడిన ఆత్మకథలో రాశాడు. తన నిర్ణయానికి ఆ క్షణాన్నే కారణంగా చెప్పుకున్నాడు.

ఇలాంటి కథనాలు మతం మారిన చాలాకాలం తరువాత రాసినవి. కనుక అప్పటి మనఃస్థితిని అవి ఎంత ఉన్నదున్నట్టు చెబుతాయన్నది చర్చనీయం. లోఫ్లాండ్, స్కోనోవ్డ్ అనే సామాజికవేత్తలు 1981లో మతం మారే తీరులను ఆరు రకాలుగా విభజించారు. అవి బుద్ధిపరమైనవి, మార్మికమైనవి, ఆచరించి చూసినవి, అనుబంధం వల్ల కలిగినవి, సభల ఉద్వేగంలో కలిగినవి, నిర్బంధం వల్ల జరిగినవి. అలీ కోసె 70 మంది బ్రిటిష్ నవముస్లింలపై చేసిన అధ్యయనం (1996) ముస్లిం స్నేహితులు, జీవిత భాగస్వాముల ప్రభావం సిద్ధాంత పఠనానికి తీసిపోదని చూపింది. తెలంగాణ పల్లెలకు ఈ విభజనను యథాతథంగా అంటగట్టలేం. ఇక్కడ ‘మతం మారడం’ కంటే ‘మొక్కు చెల్లించడం’ పాత అలవాటు.

దర్గాలు, పీర్లు

సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఈ ప్రాంతపు భక్తికి కేంద్రం. ‘జాన్‌పహాడ్ సైదులు’ అని జనం పిలుచుకునే ఈ షహీదు దర్గాకు ఏటా జనవరిలో ఉర్సు జరుగుతుంది. గంధం ఊరేగింపు నాడు హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వైపుల నుంచే కాక కృష్ణ అవతలి ఆంధ్ర పల్లెల నుంచి కూడా జనం తరలివస్తారు. వచ్చేవారిలో హిందువులు పెద్ద సంఖ్యలో ఉంటారు. దర్గా నాలుగు వందల ఏళ్లనాటిదని చెప్పుకుంటారు. ఈ లెక్క ప్రధానంగా జనశ్రుతి మీద ఆధారపడినది. షహీదు వీరగాథకు కూడా ఒకటికి మించి పాఠాలున్నాయి. యుద్ధంలో నేలకొరిగిన ధర్మవీరుడన్న అంశం మాత్రం వాటన్నిటిలోనూ ఉంది.

దర్గా ప్రభావం ఎంత లోతుకు వెళ్లిందో పేర్లలో కనిపిస్తుంది. పిల్లలు లేనివారు, పుట్టిన పిల్లలు దక్కనివారు సైదులుకు మొక్కుకుని, బిడ్డ పుడితే ఆ పేరే పెడతారు. పూర్వపు నల్లగొండ జిల్లా ఓటర్ల జాబితాల్లో, బడి హాజరుపట్టీల్లో సైదులు, సైదమ్మ, సైదయ్య, సైదిరెడ్డి, సైదా నాయక్ వంటి పేర్లు విరివిగా ఉంటాయి. ‘సయ్యద్’ నుంచి వచ్చిన ఈ పేరు రెడ్డి, గౌడ, యాదవ, మాదిగ, లంబాడ ఇళ్లలో ఏ జంకూ లేకుండా ఇమిడిపోయింది. మొక్కు తీరాక దర్గా దగ్గర యాటను కోసి కందూరు చేస్తారు, దర్గా సేవకుడైన ముజావరు ఫాతెహా చదువుతాడు, వండినదాన్ని అక్కడే చెట్ల కింద బంధువులతో కలిసి తింటారు. తిరిగి వెళ్లేవారు ఊదు తీసుకుంటారు. పిల్లల మెడలో తాయెత్తు కట్టించుకుంటారు. నల్లగొండ పట్టణంలో గుట్ట మీద వెలసిన లతీఫ్ షావలీ దర్గా ఉర్సులోనూ ఇంచుమించు ఇదే తీరు.

మొహర్రంను ఇక్కడ పీర్ల పండుగ అంటారు. పీర్లను నిలిపే చావడి ముందు గుంట తవ్వి మంట వేస్తారు, దాని చుట్టూ అలాయి ఆడతారు. ఊళ్లో ముస్లిం ఇల్లు ఒకటో రెండో ఉన్నచోట, అసలే లేనిచోట కూడా పీర్లను ఎత్తేది, దట్టీలు కట్టేది, మలీదా పంచేది తక్కిన కులాలవారే. కర్బలాలో ఇమాం హుస్సేన్ ప్రాణత్యాగం అన్యాయానికి తలవంచని కథగా వాళ్లకు చేరింది. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప ఉత్సవం ఆధారంగా అఫ్సర్ మహమ్మద్ రాసిన పుస్తకం (2013) ఇలాంటి ఉమ్మడి భక్తిని అర్థం చేసుకోవడానికి మంచి ఆధారం. పీరుకు మొక్కే మనిషి రెండు మతాల మిశ్రమాన్ని ఆచరిస్తున్నాననుకోడు, స్థలానికీ పీరుకూ ఉన్న బరకత్‌ను (దీవెన శక్తిని) నమ్ముతాడు. నల్లగొండ పల్లెలకూ ఈ వివరణ చాలావరకు వర్తిస్తుంది.

ఇది ఇస్లాం మీద విశ్వాసమేనా అన్నది వివాదం. తబ్లీగీ జమాత్, అహ్లె హదీస్ ధోరణులవారు దర్గా మొక్కులను, పీర్ల ఊరేగింపును తౌహీద్‌కు విరుద్ధమైన పోకడలుగా చూస్తారు. బరేల్వీ సంప్రదాయం వలీల మధ్యవర్తిత్వాన్ని సమర్థిస్తుంది. సైదులుకు మొక్కే హిందువుల్లో అత్యధికులు కలిమా చదవలేదు, చదవాలని దర్గా ఎన్నడూ షరతు పెట్టలేదు. అందువల్ల దర్గాను మతమార్పిడి సాధనంగా లెక్కించడం సరికాదు. ఇస్లాంను పరాయిది కాకుండా చేసిన వ్యవస్థగా చూడడమే సమంజసం.

చరిత్ర: పోటీ వాదాలు

ఈ ప్రాంతంలో ఇస్లాం ఎలా నిలదొక్కుకుందన్నదానికి ఖడ్గబలం, రాజాశ్రయం, వలస, కులపీడన నుంచి విముక్తి అనే నాలుగు వివరణలు వాడుకలో ఉన్నాయి. రిచర్డ్ ఈటన్ బెంగాల్ సరిహద్దుపై రాసిన గ్రంథంలో (1993) ఈ నాలుగింటినీ పరిశీలించాడు. సుల్తానుల, మొఘలుల అధికారం బలంగా ఉన్న గంగా మైదానంలో కంటే దూరాన ఉన్న తూర్పు బెంగాల్, పశ్చిమ పంజాబుల్లో ముస్లిం జనాభా ఎక్కువని చూపి ఖడ్గ సిద్ధాంతాన్ని తోసిపుచ్చాడు. నల్లగొండ లెక్క కూడా ఆ వైపే మొగ్గుతుంది. కుతుబ్ షాహీలు (1518–1687), మధ్యలో మొఘలులు, తరువాత అసఫ్ జాహీలు (1724–1948) నాలుగు శతాబ్దాలకు పైగా ఏలిన నేలలో ముస్లింలు 5 శాతం దగ్గరే ఆగారంటే బలవంతంగా మార్చడం రాజ్యవిధానం కాదని అర్థం. అదే అంకె కులవిముక్తి వాదాన్ని కూడా ఇరుకున పెడుతుంది. రాజధానిలో ముస్లింల సాంద్రతకు వలసలు, కొలువులే తగిన కారణం.

రాజు మతం పల్లె ముస్లింకు అక్కరకు రాలేదనడానికి షేక్ బందగీ ఉదంతం ఉంది. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కామారెడ్డిగూడెంలో భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌పై కోర్టుకెక్కి గెలిచిన ఈ రైతును దేశ్‌ముఖ్ మనుషులు చంపారు. హత్య 1940లో జరిగిందని కొందరు, 1941లోనని కొందరు రాశారు. ఆయన సమాధిని ఇప్పటికీ కులమతాలకు అతీతంగా గౌరవిస్తారు.

ప్రచారం ద్వారా పెద్ద ఎత్తున మతమార్పిడి జరిగింది 1927 తరువాత, హైదరాబాదు నాయకుడు బహదూర్ యార్ జంగ్ (1905–1944) నడిపిన తబ్లీగ్ ఉద్యమ కాలంలో. ఆయన వాగ్ధాటికి వేలమంది, ముఖ్యంగా దళితులు, ఇస్లాం స్వీకరించారని జీవిత చరిత్రలు చెబుతాయి. ఆ అంకెలు అభిమానులు ఇచ్చినవి, వాటిని జాగ్రత్తగా తీసుకోవాలి. ఆర్యసమాజం శుద్ధి కార్యక్రమాలతో ఎదురు ప్రచారం చేసింది. వెట్టి నుంచి, అంటరానితనం నుంచి బయటపడాలన్న ఆశ ఆనాటి మార్పిడుల్లో నిజమైన కారణం. రజాకార్ల కాలంలో, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఇరువైపులా భయంతో జరిగిన మార్పిడులను మాత్రం విశ్వాసం కింద జమకట్టలేం. 1935లో యేవలాలో హిందువుగా చనిపోనని ప్రకటించిన అంబేడ్కర్, 1947 నవంబరులో పాకిస్తాన్, హైదరాబాదు రాజ్యాల్లోని షెడ్యూల్డు కులాలవారిని ఇస్లాంలోకి మారవద్దని హెచ్చరించాడు.

తెలుగు గ్రంథాలు, జమాత్‌లు

ఖురాన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు (1890–1951) ముస్లిం కాదు. తొలి ముద్రణకు 1925, 1930 అనే రెండు సంవత్సరాలూ వాడుకలో ఉన్నాయి. మొదటిదే సరైనదిగా తోస్తుంది. ఆ తరువాత ముస్లిం పండితుల అనువాదాలు అనేకం వచ్చాయి. జమాతె ఇస్లామీ హింద్ (1948) భావధారకు చెందిన తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్, ‘గీటురాయి’ వారపత్రిక తౌహీద్, పరలోకం, నైతికత గురించిన వాదనలను తెలుగు చదువరికి నేరుగా అందించాయి. అరబీలో ఖురాన్ పారాయణ చేసినా అర్థం తెలియని తెలుగు ముస్లింలకు, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవారికి ఇది పెద్ద మార్పు. తాతల నాటి ఆచారంగా ఉన్న మతాన్ని కారణాలతో సమర్థించుకునే వీలు వారికి దీనితోనే చిక్కింది.

1920ల్లో మేవాత్‌లో మౌలానా ఇల్యాస్ ప్రారంభించిన తబ్లీగీ జమాత్ దారి వేరు. అది ముస్లిమేతరులను కాక ముస్లింలనే ఉద్దేశించింది. మూడు రోజులకో, నలభై రోజుల చిల్లాకో బయల్దేరినవారు మస్జిద్‌లో బసచేసి, గష్త్‌కు వెళ్లి ఇంటింటి తలుపు తట్టి నమాజుకు పిలుస్తారు. వాదన కంటే సహవాసం వారి బలం. తాగుడు మానడం, అప్పుల్లో వడ్డీకి దూరమవడం, ఐదు పూటల క్రమశిక్షణ వంటి మార్పులను కుటుంబాలు కళ్లారా చూడడం వల్ల ఈ దారి చాలామందికి నమ్మకం కలిగించింది.

సమానత్వం: మాట, ఆచరణ

మస్జిద్‌లో నమాజుకు సఫ్ (వరుస) కట్టినప్పుడు ముందొచ్చినవారు ముందు నిలబడతారు. మిర్యాలగూడ రైస్ మిల్లు యజమానైనా, బస్తాలు మోసే హమాలీ అయినా భుజం భుజం కలిపి ఒకే చాప మీద సజ్దా చేయాల్సిందే. చనిపోయినవారికి చుట్టేది కుట్టులేని తెల్లటి కఫన్, జనాజాకు భుజం పట్టడం ఎవరికైనా పుణ్యం. మిగులు సంపదలో రెండున్నర శాతం జకాత్‌గా, రంజాన్ చివర ఫిత్రాగా పేదలకు చేరాలి. ఇస్లాం ఆకర్షణకు ఈ ఆచారాలు ఏ గ్రంథం కంటే గట్టి సాక్ష్యాలని చెప్పవచ్చు. కూతురికి ఆస్తిలో వాటాను ఏడో శతాబ్దంలోనే ఖురాన్ నిర్ణయించిందని విశ్వాసులు గుర్తుచేస్తారు. ఆ వాటా కొడుకు వాటాలో సగమేనన్నది విమర్శకుల మాట.

మస్జిద్ బయట హెచ్చుతగ్గులు తొలగిపోలేదు. సయ్యద్, షేక్, పఠాన్ కుటుంబాలు దూదేకులతో వియ్యమందడానికి వెనకాడడం తెలిసినదే. స్కైబాబ సంకలనం చేసిన ‘వతన్’ (2004) ముస్లిం కథలు ముస్లిం జీవితంలోని పేదరికాన్ని, అవమానాలను లోపలి నుంచి చూపాయి. ప్రభుత్వ జాబితాలు కూడా వృత్తి భేదాలను గుర్తించాయి. దూదేకులు బీసీ–బి కింద, అత్తరు సాయిబులు, ఫకీరు సాయిబులు, ఖురేషీలు, తురక కాశలు మొదలైన 14 సమూహాలు 2007 చట్టంతో బీసీ–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ పరిధిలో ఉన్నారు.

తమిళనాడులోని మీనాక్షిపురంలో 1981 ఫిబ్రవరిలో వందలాది దళితులు ఒక్కసారిగా ఇస్లాం స్వీకరించినప్పుడు ఆత్మగౌరవమే ప్రధాన కారణమని పరిశోధకులు తేల్చారు. దళితుల్లో ఇస్లాం పట్ల ఆకర్షణ నిర్ణయం దాకా వెళ్లకుండా ఆపేవాటిలో చట్టం ముఖ్యమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, 1956 సవరణతో సిక్కులకు, 1990 సవరణతో బౌద్ధులకు మాత్రమే ఉంది. ఇస్లాం స్వీకరించిన దళితుడు ఆ హోదా కోల్పోతాడు. ఈ నిబంధనను పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్‌ను నియమించింది.