పందెం కాయకముందు

ఈ కాలపు పిల్లలు కంప్యూటర్లో ఆడే రాజ్యాల ఆట చూశారా? ఆట మొదలెట్టకముందే ప్రపంచాన్ని తామే తయారుచేసుకుంటారు. 1994లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ మ్యాజిక్' అనే ఆటలోనే భూమి ఎంత ఉండాలి, మంత్రాలకి బలం ఎంత, ఎదుటి రాజులెందరు అన్నది ఆడేవాడి ఇష్టానికి వదిలేశారు. నచ్చకపోతే చెరిపేసి ఇంకో లోకం సృష్టించుకోవచ్చు. బ్రహ్మదేవుడికైనా లేదు కదండీ ఈ సుఖం!

అయితే ముందుగా షరతులు పెట్టుకుని రాజ్యాలతో ఆడుకోవడం మా గురజాలకి కొత్తేం కాదు. 12వ శతాబ్దంలో ఇక్కడ నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇటు మంత్రిణి నాగమ్మ, అటు బ్రహ్మనాయుడు. ఇద్దరూ కోడిపందేనికి దిగారు. షరతు ఏమిటంటే, ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలి. మాచర్ల కోడి ఓడింది.

నాగమ్మ మోసం చేసిందని తిట్టుకోవడం మనకి అలవాటు. సరే, చేసిందే అనుకుందాం. మరి ఆ షరతుకి తల ఊపిందెవరు? చాపకూడు పెట్టి అన్ని కులాలవాళ్ళనీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన మహానుభావుడు బ్రహ్మనాయుడు. ఆ పంక్తిలో వాళ్ళని, "మీ ఇల్లూ వాకిలీ పందెంలో పెడుతున్నాను, సరేనా?" అని అడిగిన ఘట్టం మాత్రం ఏ కథ చెప్పేవాళ్ళ నోటా నేను వినలేదు. పిల్లాజెల్లా, గొడ్డూగోదా అందరూ వలస పోయారు. అక్కడ మందల మీద దాడి జరిగితే, వాటిని కాపాడుతూ లంకన్న ప్రాణం విడిచాడట.

ఇంకో లోపం కూడా ఉంది. గడువు తీరాక రాజ్యం తిరిగి ఇవ్వకపోతే ఏం చెయ్యాలి? ఇప్పించేవాడెవడు? ఇద్దరికీ పెద్దదిక్కు ఎవరూ లేరు. ఏడేళ్ళయ్యాక రాయబారిగా వచ్చిన అలరాజు స్వయానా నలగాముడి అల్లుడు. అతనికే విషం పెట్టారు. ఇక మిగిలింది కారెంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం. బాలచంద్రుడి లాంటి పసివాళ్ళతో సహా వీరులంతా నేలరాలారు. గురజాలకి మాత్రం ఏం మిగిలింది గనక!

శ్రీనాథుడిదని చెప్పుకునే 'పల్నాటి వీరచరిత్ర'ని 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు అచ్చువేయించారు. పుస్తకం చదవనివాళ్ళకీ మా పల్నాట కథ తెలుసు. ఏటా కార్తీకమాసంలో కారెంపూడి వీరుల గుడి దగ్గర అయిదు రోజులు ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఎవరు ఓడతారో అందరికీ తెలుసు. అయినా కోడిపోరు చూడ్డానికి జనం విరగబడతారు. ఒక్క షరతు కూడా మార్చడానికి లేదు.

కంప్యూటర్ ఆటలో షరతు పెట్టినవాడే ఓడిపోతాడు. పోయేది వాడి మధ్యాహ్నం నిద్ర, అంతే. రాజుల ఆటలో షరతు పెట్టేది ఒకరు, మూట సర్దుకునేది వేరొకరు. మన పేరు మీద ఎవరైనా పందెం కాస్తుంటే, కోడి బలం తర్వాత చూడవచ్చు. ముందు షరతు ఏమిటో అడగాలి.